వేగానికి ఇల్లు చెల్లించే వెల

1,035 రూపాయలు. నిర్దేశించిన వేగాన్ని మించి వెళ్ళిన వాహనాన్ని ఫోటో తీసి, తెలంగాణ పోలీసులు యజమాని ఫోన్‌కు పంపే సందేశంలో కనిపించే మొత్తం ఇది. ఇందులో 1,000 రూపాయలు జరిమానా, తక్కిన 35 రూపాయలు యూజర్ ఛార్జీ. ఆ చలానాలో బండి నంబరు ఉంటుంది, తేదీ ఉంటుంది, సమయమూ స్థలమూ ఉంటాయి. నడిపినవాడి పేరు మాత్రం ఉండదు. బండి ఎవరి పేరిట నమోదై ఉందో వారికే సందేశం వస్తుంది. మన ఇళ్ళలో తరచుగా జరిగేదేమిటంటే, వేగం కొడుకుది, సందేశం తండ్రిది. ఆటో నడిపే సోదరుని ఇంట్లోనైతే వేగమూ సందేశమూ ఒకరివే కావచ్చు, కాని ఆ నెల సరుకుల డబ్బులో తరుగు పడేది ఇల్లాలి చేతిలో.

నేరేడ్‌మెట్ వాసులకు ట్రాఫిక్ చట్టం దూరపు సంగతి కాదు. 2016లో సైబరాబాద్‌ను విభజించి ఏర్పరచిన రాచకొండ పోలీసు కమిషనరేట్‌కు కార్యాలయం వెలసింది ఈ పేటలోనే. అటు సైనిక్‌పురి, ఈసీఐఎల్ చౌరస్తా, ఇటు సఫిల్‌గూడ, మల్కాజిగిరి, మౌలాలి. ఉదయం బడిపిల్లల ఆటోలు, ఉద్యోగుల స్కూటర్లు, సరుకు మోసే ట్రాలీలు ఒకే దారిలో సాగుతాయి. ఇంత రద్దీలో అతివేగానికి తావెక్కడిదని అనిపించవచ్చు. రాత్రి పది దాటాక, లేదా ఫజ్ర్ నమాజు ముగిసి జనం ఇంకా రోడ్డెక్కని వేళ చూస్తే తెలుస్తుంది.

గ్రేటర్ హైదరాబాద్ పరిధిలో మధ్యన డివైడర్ ఉన్న రోడ్డుపై కార్లకు గంటకు 60 కిలోమీటర్లు, డివైడర్ లేనిచోట 50 కిలోమీటర్లు పరిమితిగా నిర్ణయించారు. బస్సులు, లారీలు, ఆటోలు, ద్విచక్ర వాహనాలకు అది 50, 40. కాలనీ లోపలి వీధుల్లో అందరికీ 30. ఈ చివరి అంకెను చాలామంది విననే లేదు. మసీదు ముందరి సందులో 40 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే యువకుడు తాను మెల్లగానే వెళుతున్నానని మనస్ఫూర్తిగా నమ్ముతాడు.

ఇంతకూ వేగం వల్ల మిగిలేదెంత? ఎనిమిది కిలోమీటర్ల దారి అనుకుందాం, నేరేడ్‌మెట్ చౌరస్తా నుంచి సికింద్రాబాద్ స్టేషన్ వైపు వెళ్ళేవారికి ఇంచుమించు అంతే. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో ఆగకుండా వెళితే 12 నిమిషాలు, 60 కిలోమీటర్లతో వెళితే 8 నిమిషాలు. తేడా నాలుగు నిమిషాలు. అదీ కాగితం మీదనే. దారిలో ఒక్క సిగ్నలు ఎర్రబడితే అందులో సగం హరించుకుపోతుంది. అదే సమయంలో, 40 నుంచి 60కి పెరిగిన బండి తాకిడి శక్తి ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంబావు రెట్లు అవుతుంది. శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుందని మన పిల్లలు హైస్కూలులోనే చదువుకుంటారు. తొందరపాటును మన ధర్మం ఏ పక్షాన నిలబెట్టిందో పాఠకులకు వేరుగా చెప్పనవసరం లేదు.

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక తెలిపింది. ఆ మరణాలలో 71 శాతానికి అతివేగమే కారణమని అదే నివేదిక నమోదు చేసింది. మద్యం, సెల్‌ఫోన్, ఎదురుదారిలో రావడం, ఎర్రదీపం దాటడం అన్నీ కలిపినా వేగం దరిదాపులకు రావు. మద్యాన్ని హరామ్‌గా ఎంచి దూరముంచిన ఇళ్ళు కూడా ఈ మత్తును మాత్రం బడాయిగా చూడడం మాకు ఆశ్చర్యం కలిగిస్తుంది.

ఇక జరిమానా సంగతి. 2019 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన మోటారు వాహనాల సవరణ చట్టం అతివేగానికి తేలికపాటి వాహనాలపై 1,000 నుంచి 2,000 రూపాయలు, మధ్యతరహా, భారీ వాహనాలపై 2,000 నుంచి 4,000 రూపాయల జరిమానా నిర్దేశించింది. రెండోసారి దొరికితే లైసెన్సును స్వాధీనం చేసుకోవచ్చునంది. పెంచిన జరిమానాలను అమలు చేయబోమని తెలంగాణ ప్రభుత్వం అదే నెలలో శాసనసభలో ప్రకటించింది. అందువల్ల మన దగ్గర పాత 1,000 రూపాయల లెక్కే నడిచింది.

ఆ తర్వాత రాయితీలు వచ్చాయి. 2022 మార్చిలో పెండింగ్ చలానాలు తీర్చుకొమ్మని ప్రభుత్వం అవకాశమిచ్చినప్పుడు ద్విచక్ర వాహనదారులు నాలుగో వంతు చెల్లిస్తే చాలన్నారు, కార్లవారు సగం. 2023 డిసెంబరు 26న మొదలై, గడువులు పొడిగిస్తూ 2024 ఫిబ్రవరి దాకా సాగిన రెండో విడతలో ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు 80 శాతం, కార్లకు, భారీ వాహనాలకు 60 శాతం మాఫీ చేశారు. పేదవాడికి ఊరట లభించింది, కాదనలేము. ఏడెనిమిది చలానాలు పేరుకుపోయి బండి బయటకు తీయడానికే జంకిన ఆటో సోదరులు ఆ నెలల్లో ఊపిరి పీల్చుకున్నారు. అయితే దీనికి మరో ముఖం ఉంది. సందేశం రాగానే 1,000 రూపాయలు కట్టినవాడు, ఏడాదిపాటు పట్టించుకోకుండా ఉండి 200 కట్టినవాడికంటే అయిదు రెట్లు చెల్లించాడు. నిజాయితీకి పడిన అదనపు పన్నుగా దీన్ని ఎవరైనా భావిస్తే తప్పుపట్టలేము. "ఆగుదాం, మళ్ళీ డిస్కౌంటు వస్తుంది" అనే మాట ఇళ్ళలో అలవాటుగా మారింది. రాయితీ కోసం ఆగేవాడు రాయితీ వచ్చేదాకా వేగం తగ్గించుకుంటాడా అంటే, అదీ లేదు.

జరిమానా అందరికీ ఒకటే కావడంలో ఉన్న అన్యాయాన్ని కూడా చెప్పుకోవాలి. 1,000 రూపాయలంటే కిరాయి ఆటో నడిపేవాడికి, పెట్రోలు ఖర్చూ యజమాని కిరాయీ పోగా, ఒక రోజు మిగులు కంటే ఎక్కువ. ఖరీదైన కారు యజమానికి ఒక పూట హోటలు భోజనం. ఫిన్లాండ్ దేశంలో పెద్ద వేగ ఉల్లంఘనలకు ఆదాయాన్ని బట్టి జరిమానా వేస్తారు. 2023 జూన్‌లో అక్కడి ఆలాండ్ దీవులలో ఆండర్స్ విక్లోఫ్ అనే సంపన్న వ్యాపారి, 50 కిలోమీటర్ల పరిమితి ఉన్నచోట 82తో వెళ్ళినందుకు 1,21,000 యూరోలు చెల్లించవలసి వచ్చింది. అది మన లెక్కలో కోటి రూపాయలు దాటుతుంది. మన దేశంలో ఇది ఇప్పట్లో సాధ్యమని మేము అనుకోము, ఎందుకంటే ఇక్కడ ఎవరి ఆదాయమెంతో తేల్చడమే పెద్ద పని.

గల్ఫ్‌లో డ్రైవర్లుగా పనిచేసి వచ్చిన సోదరులు మన పేటల్లో చాలామంది ఉన్నారు. వారిని అడిగితే మరో రకం లెక్క చెబుతారు. ఎమిరేట్స్‌లో పరిమితిపై 80 కిలోమీటర్లకు మించి వేగంగా వెళితే 3,000 దిర్హాముల జరిమానా, 23 బ్లాక్ పాయింట్లు, 60 రోజులు బండి స్వాధీనం. 24 పాయింట్లు నిండితే లైసెన్సు పోతుంది. డ్రైవరు కొలువుకు అక్కడికి వెళ్ళినవాడికి లైసెన్సు పోవడమంటే బతుకుతెరువు పోవడమే. మన రాష్ట్రంలోనూ 2017 ఆగస్టు 1న పాయింట్ల విధానం ప్రవేశపెట్టారు, 24 నెలల్లో 12 పాయింట్లు చేరితే లైసెన్సు రద్దు అన్నారు. ఆ భయం జనంలో నిలవలేదు. దుబాయిలో కెమెరా దగ్గర కాలు తీసిన మనిషే శంషాబాద్‌లో దిగి ఔటర్ రింగురోడ్డు ఎక్కగానే మారిపోవడం మనం చూస్తూనే ఉన్నాము. 158 కిలోమీటర్ల ఆ రోడ్డుపై కుడివైపు రెండు వరుసల్లో పరిమితిని 2023లో 120 కిలోమీటర్లకు పెంచారు. అది కూడా చాలదన్నవారికి ఏమని చెప్పగలం?

ఇప్పుడు బీమా. "చలానా పడితే ఇన్సూరెన్స్ ప్రీమియం పెరుగుతుందట" అనే మాట వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. బ్రిటన్‌లో ఇది నిజం. అక్కడ వేగం కేసులో కనీసం 100 పౌండ్ల జరిమానా, 3 పాయింట్లు పడతాయి. ఆ నమోదు నాలుగేళ్ళు లైసెన్సుపై ఉంటుంది, బీమా కంపెనీలు సాధారణంగా అయిదేళ్ళ చరిత్ర అడిగి ప్రీమియం పెంచుతాయి. కొత్తగా లైసెన్సు పొందినవారికి రెండేళ్ళలోపు 6 పాయింట్లు పడితే లైసెన్సే పోతుంది. చదువుకని లండనుకో బర్మింగ్‌హామ్‌కో పిల్లల్ని పంపిన తల్లిదండ్రులు ఫీజుల లెక్కతోపాటు ఈ లెక్కనూ వారి చెవిన వేయడం మంచిది.

మన దేశంలో అలాంటి ఏర్పాటు ప్రతిపాదన దశలోనే నిలిచింది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నియమించిన కార్యవర్గం 2021 జనవరిలో ఒక నివేదిక ఇచ్చింది. ఇప్పుడున్న నాలుగు రకాల ప్రీమియంలకు తోడు "ట్రాఫిక్ ఉల్లంఘన ప్రీమియం" అనే అయిదో భాగాన్ని చేర్చాలని అది సూచించింది. మద్యం తాగి నడిపితే 100 పాయింట్లు, తప్పుచోట బండి నిలిపితే 10 పాయింట్లు, మిగతావి ఈ రెంటి నడుమ. మొదట ఢిల్లీ పరిసరాల్లో పరీక్షించి చూడాలన్నారు. 2024 సెప్టెంబరులో ఢిల్లీ లెఫ్టినెంట్ గవర్నర్ ఇదే విషయమై కేంద్ర ఆర్థిక మంత్రికి లేఖ రాశారు. ఆ ప్రతిపాదనలో గమనించదగిన మాట ఒకటుంది. ఆ భారం నడిపినవారిపై కాక వాహనంపై, అంటే యజమానిపై పడుతుంది. మళ్ళీ తండ్రి సందేశమే.

చలానా వల్ల ప్రీమియం పెరగకపోయినా, వేగం వల్ల తగిలిన చిన్న దెబ్బ పెంచుతుంది. దీన్ని లెక్క వేసి చూపితే తప్ప ఎవరూ నమ్మరు. సొంత కారు నష్టానికి తీసుకొనే బీమాలో ఏడాదిపాటు క్లెయిమ్ చేయకపోతే 20 శాతం నో క్లెయిమ్ బోనస్ ఇస్తారు. అది ఏటేటా 25, 35, 45 శాతాలుగా పెరిగి చివరికి 50 శాతం వద్ద నిలుస్తుంది. ఆ భాగానికి 10,000 రూపాయలు కట్టవలసిన యజమాని 50 శాతం బోనస్‌తో 5,000 కడుతున్నాడనుకుందాం. ముందరి బండికి గుద్ది బంపరు పగిలింది, 8,000 రూపాయలు క్లెయిమ్ చేశాడు. మరుసటి ఏడు బోనస్ సున్నా. ఆ ఏడు 5,000 అదనంగా కడతాడు. తర్వాతి ఏళ్ళలో వరుసగా 3,000, 2,500, 1,500, 500. మొత్తం 12,500 రూపాయలు. కారు పాతబడినకొద్దీ ప్రీమియం తగ్గుతుంది గనుక కొంత తీసివేసినా, 8,000 పుచ్చుకొని అంతకంటే ఎక్కువే తిరిగి కట్టినట్టు. ఇలాంటి చిన్న నష్టాన్ని సొంత జేబునుంచి భరించడమే మేలని అనుభవమున్న ఏజెంట్లు చెప్పేది ఇందుకే.

బీమా ధర్మసమ్మతమా అనే చర్చ మన పాఠకులకు కొత్త కాదు. వడ్డీ, అనిశ్చితి కలగలిసిన వాణిజ్య బీమాపై ఉలమాల అభ్యంతరాలు తెలిసినవే. చట్టం నిర్బంధించిన మేరకు, అంటే ఇతరులకు కలిగే నష్టానికి తీసుకొనే థర్డ్ పార్టీ బీమాకు, అగత్యం దృష్ట్యా అనుమతి ఉందని ఎక్కువమంది చెప్పారు. పరస్పర సహకార పద్ధతిలో నడిచే తకాఫుల్ 1979లో సూడాన్‌లో మొదలై, 1984లో మలేషియాలో చట్టం పొంది, గల్ఫ్ అంతటా వ్యాపించింది గాని మన దేశంలో అందుబాటులో లేదు. ఆ చర్చను ఇక్కడ విప్పబోవడం లేదు. కాని దాన్ని సాకుగా చూపి థర్డ్ పార్టీ పాలసీనే వదిలేయడం మాత్రం చట్టం దృష్టిలోనూ తప్పే, ఎదుటివాడి హక్కు దృష్టిలోనూ తప్పే. 75 నుంచి 150 సీసీ బైకుకు 2022 జూన్‌లో నిర్ణయించిన రేటు ఏడాదికి 714 రూపాయలు, పన్ను అదనం. ఒక్క వేగం చలానా కంటే తక్కువ. కొత్త ద్విచక్ర వాహనం కొన్నప్పుడు అయిదేళ్ళ థర్డ్ పార్టీ పాలసీ ఇస్తారు, ఆ గడువు ముగిసిన సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. ఈ దేశంలో రోడ్డుపై తిరిగే వాహనాలలో సుమారు సగానికి బీమా లేకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

పాలసీ ఉన్నా ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు అన్నది మరింత ముఖ్యం. 2025 జులై 2న సుప్రీంకోర్టులో తేలిన ఒక కర్ణాటక కేసును ప్రతి ఇల్లూ తెలుసుకోవాలి. 2014 జూన్ 18న ఒక వ్యక్తి తన తండ్రి, చెల్లెలు, ఆమె పిల్లలతో కారులో అరసికెరెకు బయలుదేరాడు. అతివేగంతో, నిర్లక్ష్యంగా నడపడం వల్ల కారు అదుపుతప్పి బోల్తాపడి అతను మరణించాడు. వెనక మిగిలిన భార్య, కొడుకు, తల్లిదండ్రులు 80 లక్షల రూపాయల పరిహారం కోరారు. ట్రిబ్యునల్ ఇవ్వలేదు, హైకోర్టు ఇవ్వలేదు. సుప్రీంకోర్టూ జోక్యం చేసుకోలేదు. ప్రమాదానికి తానే కారకుడైనవాడి మరణానికి అతని వారసులు పరిహారం కోరలేరన్నదే ఆ తీర్పుల సారం. పదకొండేళ్ళు న్యాయస్థానాల చుట్టూ తిరిగి ఆ కుటుంబం ఖాళీ చేతులతో ఇంటికి చేరింది.

థర్డ్ పార్టీ అనే పేరులోనే ఈ అర్థం ఉంది. అది ఎదుటివాడి కోసం. నడిపేవాడికి ఉన్న రక్షణ వేరు. యజమాని వ్యక్తిగత ప్రమాద బీమా అంటారు దాన్ని, 15 లక్షల రూపాయల వరకు ఇస్తుంది, తప్పు ఎవరిదన్న ప్రశ్నతో దానికి పనిలేదు. ఏడాదికి కొన్ని వందల రూపాయలు. అయితే చెల్లే లైసెన్సు ఉండాలి, నడిపేది పాలసీలో పేరున్న యజమానే అయి ఉండాలి. తండ్రి పేరిట ఉన్న బండిపై కొడుకు వెళితే ఆ 15 లక్షలు కొడుక్కి వర్తించవు, అందుకు అదనపు రక్షణ విడిగా తీసుకోవాలి. వెనుక కూర్చున్న భార్య సంగతి? కేవలం చట్టం కోరిన మేరకు తీసుకొన్న పాలసీ బైకు వెనుక కూర్చున్నవారికి వర్తించదని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. సమగ్ర పాలసీ అయితే వర్తిస్తుంది. ఇద్దరు పిల్లల్ని నడుమ కూర్చోబెట్టుకొని ఈద్గాకు వెళ్ళే కుటుంబాలలో ఈ తేడా ఎందరికి తెలుసు?

మైనరు కొడుకు చేతికి బండి ఇచ్చే తండ్రుల గురించి ఎంత రాసినా తక్కువే. పదో తరగతి పాసయ్యాడని బహుమతిగా బైకు కొనిపెట్టడం మన ఇళ్ళలో ముద్దుగా చెప్పుకొనే విషయం. 2019 సవరణ ప్రకారం మైనరు నడిపి నేరం చేస్తే సంరక్షకునికి లేదా యజమానికి మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. ఇవి చట్టంలో రాసి ఉన్న శిక్షలు. రాయనిది ఇంకొకటుంది. ఆ కుర్రవాడు ఎవరినైనా ఢీకొంటే బాధితునికి బీమా కంపెనీ చెల్లిస్తుంది, చెల్లించి ఆ సొమ్మును యజమాని నుంచి వసూలు చేసుకోవచ్చు. చెల్లే లైసెన్సు లేనివారి చేతికి బండి ఇచ్చిన సందర్భాల్లో 2004 నాటి సుప్రీంకోర్టు తీర్పు నుంచి ఇదే దారి నడుస్తున్నది. పరిహారం లక్షల్లో ఉంటుంది. తండ్రి ఇల్లు అమ్మినా తీరకపోవచ్చు.

ఇక, కొందరు సోదరులు లేవనెత్తే ఒక వాదన. హనఫీ ఫిఖ్‌హ్‌లో ధనరూపమైన శిక్ష సమ్మతం కాదని, ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయం అదేనని, కాబట్టి చలానా ఎగ్గొట్టడంలో పాపం లేదని వారంటారు. ధనరూప శిక్షను హనఫీ పండితులలో అత్యధికులు అంగీకరించలేదన్నది నిజమే. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) అనుమతించినట్టు ఉల్లేఖనం ఉందన్నదీ నిజమే. అయితే మోటారు వాహనాల కాలంలో ఈ సమస్యను ఎదుట పెట్టుకొని పండితులు కూర్చుని తేల్చిన సందర్భం ఒకటుంది. 1993 జూన్‌లో బ్రూనై రాజధాని బందర్ సెరీ బెగవాన్‌లో జరిగిన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్‌హ్ అకాడమీ ఎనిమిదవ సమావేశం రోడ్డు ప్రమాదాలపై ప్రత్యేకంగా ఒక తీర్మానం చేసింది. షరీఅత్‌కు విరుద్ధం కాని ట్రాఫిక్ నియమాలను పాటించడం వాజిబ్ అని, ఉల్లంఘించేవారిని ఆపడానికి ధనరూపమైన జరిమానాతో సహా శిక్షలు విధించడం ప్రజాహితం కోరే విషయమేనని అది స్పష్టం చేసింది. డ్రైవరు తన బండి వల్ల ఇతరులకు కలిగిన నష్టానికి బాధ్యుడని, తప్పించుకోలేని అవాంతరం, బాధితుని స్వయంకృతం, మరొకరి తప్పు వంటి సందర్భాలకే మినహాయింపు ఉంటుందని కూడా చెప్పింది. లైసెన్సు తీసుకున్న రోజున మనం నియమాలకు లోబడతామని ఒప్పుకున్నాము. ఒప్పందం నిలుపుకోవడం విశ్వాసి లక్షణమన్న సంగతి చలానా దగ్గర మాత్రం మారదు.

ఇదే సందర్భంలో కఫ్ఫారా మాట ఎత్తక తప్పదు, ఎందుకంటే డ్రైవర్లతో దీన్ని ఎవరూ ప్రస్తావించరు. పొరపాటున విశ్వాసిని చంపినవాడు రెండు బాధ్యతలు మోస్తాడని అన్నిసా సూరా నిర్దేశిస్తుంది. ఒకటి మృతుని వారసులకు దియత్, అంటే రక్త పరిహారం. వారు క్షమిస్తే అది రాలిపోతుంది. రెండోది కఫ్ఫారా. బానిసకు విముక్తి కలిగించడం, అది సాధ్యం కానివాడు ఎడతెగకుండా రెండు నెలలు ఉపవాసముండడం. దియత్‌ను పూర్వం హంతకుని వంశంవారు, ఆఖిలా అనే బృందంగా, పంచుకొని కట్టేవారు. ఇప్పటి తకాఫుల్‌కు మూలాన్ని కొందరు పండితులు అక్కడే చూస్తారు. ఈ రోజున బీమా కంపెనీ ఇచ్చే పరిహారాన్ని దియత్‌కు సమానంగా చూడాలా అన్నదానిపై భిన్నాభిప్రాయాలున్నాయి. కఫ్ఫారాపై మాత్రం అలాంటి సందేహానికి తావు లేదు. వారసులు క్షమించినా, కోర్టు కొట్టేసినా, కంపెనీ లక్షలు చెల్లించినా, తప్పు తనదైనప్పుడు ఆ రెండు నెలల ఉపవాసాలు నడిపినవాడే పాటించాలి. తగిన కారణం లేకుండా నడుమ ఒక్క రోజు విడిచినా మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్క ఆరంభమవుతుంది.

దేశ చట్టమూ ఈ విషయంలో బిగిసింది. నిర్లక్ష్యంతో మరణానికి కారకుడైతే పాత శిక్షాస్మృతిలో రెండేళ్ళ వరకు జైలు. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షన్ కింద అది అయిదేళ్ళయింది.

ఇంట్లో చేసుకోవలసిన పనులు పెద్దవేమీ కావు. పాత బండి అమ్మినప్పుడు డబ్బు చేతికి రాగానే పని అయిపోయిందనుకుంటారు. రవాణా శాఖ రికార్డులలో పేరు మారేదాకా చట్టం దృష్టిలో యజమాని పాతవాడే. బండి మూడు నాలుగు చేతులు మారిన ఒక కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది, పరిహారం భారాన్ని రికార్డులో పేరున్న వ్యక్తిపైనే వేసింది. నాలుగేళ్ళ క్రితం అమ్మేసిన స్కూటరుకు ఎక్కడో అతివేగం చలానా పడిందని మీ ఫోన్‌కు సందేశం వస్తే, దాన్ని హెచ్చరికగా తీసుకొని వెంటనే పేరు మార్పిడి పూర్తిచేయించండి. దీనికి విరుద్ధమైన ఇబ్బందీ ఉంది. ఫోన్ నంబరు మారి, రవాణా శాఖలో మార్చుకోనివారికి ఏ సందేశమూ అందదు. చౌరస్తాలో ఆపినప్పుడే ఏడు చలానాల సంగతి తెలుస్తుంది.

వచ్చిన చలానా తప్పనిపిస్తే ముందుగా ఫోటో తెరిచి చూడండి. నంబరు ప్లేటుపై ఒక అంకె చెరిగిపోయి మరొకరి బండి మీ ఖాతాలో పడడం జరుగుతుంటుంది, బండి రంగు, రకం చూస్తే తెలిసిపోతుంది. కెమెరాల ద్వారా వేసే చలానాలపై 2021 ఆగస్టులో కేంద్రం చేసిన నియమాల ప్రకారం, ఉల్లంఘన జరిగిన 15 రోజులలోగా నోటీసు పంపాలి, వేగాన్ని కొలిచే పరికరానికి ఏటా పునరుద్ధరించే ధ్రువపత్రం ఉండాలి, కెమెరా ఉన్నదని తెలిపే హెచ్చరిక బోర్డు ముందుగా పెట్టాలి. వీటిలో లోపముంటే అడిగే హక్కు మీకుంది. ఫోటోలో ఉన్నది మీ బండే, నడిపింది మీ అబ్బాయే అయితే, కట్టే డబ్బు అతని జేబు ఖర్చు నుంచే పోయేలా చూడండి. ఆ సాయంత్రమే బండి డిక్కీలోని పాలసీ కాగితం బయటికి తీసి గడువు తేదీ, దానిలో ఉన్న పేరు, వ్యక్తిగత ప్రమాద బీమా ఉందో లేదో అతనిచేతనే బిగ్గరగా చదివించండి.